చెప్పుల వరస

అమలాపురం మార్కెట్ యార్డులో
అభిమానుల మహాసభకి బ్యాడ్జీలిస్తారని
తెల్లారగట్ల మూడింటికే దిగాను.
నాకన్నా ముందొచ్చేశాయి
చెప్పులు.

జత వెనక జత, గేటు దాకా.
కిరసనాయిలు క్యూల నాడు
మా అమ్మ నేర్పిన విద్యే.
కాళ్ళు అలుస్తాయి గానీ తోలు అలవదు.

నాదీ ఓ జత వదిలి
అరుగెక్కి కూర్చున్నా, ఉత్త కాళ్ళతో.
పక్కన అల్లవరం గనిరాజు,
రొయ్యల చెరువు కాపలా దిగి
తిన్నగా ఇటే వచ్చాడట, ఒళ్ళంతా మేత వాసన.
"నిద్రాపుకుంటేనే నాకు జీతమండీ, ఆయ్"
అంటూ పనసాకు విప్పి
సగం పొట్టిక్క నా చేతిలో పెట్టాడు.

పదింటికి సిమెంటు కాలింది.
పదకొండుకి జాబితా తడిసిందన్నారు.
ఎవడో మా హీరో డైలాగు విసిరాడు,
ఎవరూ నవ్వలేదు.
నవ్వడానికీ కాస్త నీడ కావాలి.

ఒంటిగంటకి కౌంటరు తెరిచారు.
ఒకటే తోపులాట.
పది గంటలు బుద్ధిగా నిలబడ్డ చెప్పులు
ఒక్క నిమిషంలో
వరద కాలవలో బాతులైపోయాయి.

మెళ్ళో బ్యాడ్జీ పడింది. చూస్తే, గనిరాజు.
అతని మెళ్ళో
పళ్ళాలమ్మ, రాజోలు.
మార్చుకుందామని వంగానా,
నా ఎడమకాలికి
అప్పటికే అతని చెప్పు.