పన్నెండు నిమిషాల సున్నా

కడపలో ఒక కల్యాణమండపం,
ఈ రెండ్రోజులూ సైన్సు సభ.
పోయిన ముహూర్తం తాలూకు పేర్లు థర్మోకోల్ మీద అట్లే ఉన్నాయి.
వాటి మీదే బ్యానరు కట్టేశారు:
ఉష్ణమండల జీవవైవిధ్యం, పరిరక్షణ, ప్రాంతీయ సదస్సు.
పక్క నుంచి పెండ్లికొడుకు పేరు చివరక్షరం
తొంగిచూస్తూనే ఉంది.

నాకు ముందు మాట్లాడినాయనవి కప్పలు.
తెర నిండా పడమటి కనుమల కప్పలు,
తడిసిన ఆకుల మీద గోరంతవి, పసుపువి, ఎర్రవి.
కొత్త జాతులు పదకొండు. చప్పట్లు.
ఆ తడి చూసి
ఎండ జిల్లాల వాళ్ళం కాస్త గుటకలేశాం.

తరవాత నేను.
సి. చౌడేశ్వరి, బద్వేలు.
మూడేండ్లు, రెండొందల పద్నాలుగు రాత్రులు,
లంకమల అంచున పొదల నడుమ
కలివికోడి కోసం.
కనబడినవి: సున్నా.

సున్నాని తెర మీద ఎట్లా నిలబెట్టాలో
వారం రోజులు తెలియలేదు.
గ్రాఫు గీస్తే దానికి ఒళ్ళుండదు,
గీత అడుగున నేలకి కరుచుకుని పడుకుంటుంది,
అచ్చం ఆ పిట్టలాగే.
"మన్ను పట్టీల ఫోటోలన్నా పెట్టమ్మా" అన్నారు గైడుగారు.
పెట్టాను.
జల్లెడ పట్టి పరిచిన మన్ను మీద
కుందేలు, నక్క, మేకల మంద,
ఎవరిదో తెగిన చెప్పు,
జేసీబీ టైరు.
ఒక తెల్లవారుజామున మాత్రం పిట్ట అడుగు,
నా గుండె గొంతులోకొచ్చింది.
మౌలాలి బీడీ ఆర్పి, వంగి, టార్చి అడ్డంగా పట్టి చూశాడు.
"ఎనకేలు ఉండాది మా. కౌజు ఇది."
ఆ ఫోటో కూడా పెట్టాను.

"కూత ఉందా? వినిపించండి" అన్నారు అధ్యక్షులు.
ఉంది సార్, పాతది.
నేను పుట్టకముందు ఎవరో క్యాసెట్లో పట్టింది.
నాదస్వరానికి సరిచేసిన స్పీకర్లలోంచి
ముందు బుస, తరవాత కీచురాళ్ళు,
తరవాత
క్విక్కూ. క్విక్కూ.
రెండు ముక్కలు, అంతే.

అడవిలో అయితే కూత వేశాక
మూడు నిమిషాలు కదలకూడదు.
ఒళ్ళు అలవాటు పడిపోయింది,
మైకు ముందు అట్లాగే నిలబడిపోయాను.
ఎందుకో హాలంతా నిలబడిపోయింది.
కప్పలాయన పెన్ను మూత పెట్టడం ఆపాడు.
ముందు వరస డాక్టరమ్మ మెడ కిటికీ వైపు తిప్పింది.
ఫ్యాన్లు తిరుగుతున్నాయి,
వంటింట్లో ఎవరో గరిటె కింద పెట్టారు.
గంట కొట్టాల్సిన పిల్లోడు
చెయ్యి గంట మీద పెట్టుకుని
వింటున్నాడు.

ఏదీ పలకలేదు.

"థాంక్యూ" అన్నారు అధ్యక్షులు చిన్నగా,
నిద్రపోయే బిడ్డ దగ్గర మాట్లాడినట్టు.
ప్రశ్నలేమైనా?
ఒక్కటే వచ్చింది: ఇంకా ఉందంటారా?
తెలియదు సార్, అన్నాను.
మూడేండ్ల చదువులో నేను నిక్కచ్చిగా చెప్పగలిగింది అదే.

సాయంత్రం బస్టాండులో
సభవాళ్ళిచ్చిన సంచీ మౌలాలి భుజాన.
"జిప్పు బాగుండాది మా, నా కూతురు బడికి పనికొచ్చాది."
సంచీలోంచి మా రాత్రుల నోటుబుక్కు తీశాడు.
రెండొందల పద్నాలుగో వరస కింద
ఇంకో వరస, ఆయన గుండ్రటి రాతలో.

చోటు: కడప, పెండ్లిండ్ల హాలు.
టైము: పగలు 11.52.
గాలి: ఫ్యాను.
చంద్రుడు: లేడు.
కూత ఏసినాము: ఔ.
పలికింది: లేదు.

"పగలు పలకదు కదా మౌలాలీ, అదీ ఊరి నడుమ?"
"పలకదు మా. అడిగినామా లేదా?
అడిగినాక రాయల్ల."

బద్వేలు బస్సు రివర్సులోకి వచ్చింది.
ఎక్కుతూ ఎక్కుతూ చివరి గడి చూశాను,
మళ్ళీ రావాలా అని ఉంటుంది అక్కడ,
రెండొందల పద్నాలుగు సార్లూ టిక్కు పెట్టింది నేనే.
ఈసారి ఆయన పెట్టాడు,
పెన్ను రాయకపోతే
రెండుసార్లు రుద్ది.