గాలేమో

ఏటుకూరు రోడ్డులో కోల్డ్ స్టోరేజి. రాత్రి డ్యూటీ నాది.
లారీ వస్తే మిర్చి టిక్కీలు లెక్కరాసి రసీదివ్వాలి.
రాకపోతే ఓనరుకి తెలియని పని ఒకటుంది:
మా మేనల్లుడు సగం ధరకిచ్చిన పాత లాప్‌టాప్,
అందులో ఎవరి కంటా పడకుండా కోటలోకి దూరే మనిషి.

నాగుల్ మీరా నా కుర్చీ వెనక నిలబడి చూస్తాడు.
పంతొమ్మిదేళ్లుగా ఇక్కడ కాపలా.
మెడకి మఫ్లరు, చంకలో టార్చి,
జేబులో ఎప్పుడూ రెండు లవంగాలు.

తెరమీద నేను వంగి నడుస్తున్నాను.
కాలికింద గాజుపెంకు పటుక్కుమంది.
కాపలావాడు ఆగి, "ఎవరక్కడ?" అన్నాడు.
పొద వెనక నేను. వాడి బూటుకీ నా తలకీ మధ్య జానెడు.
ముప్పై లెక్కపెట్టేసరికి
"గాలేమో" అని వాడికి వాడే చెప్పుకుని
గీత గీసినట్టు వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

"వీడికి జీతమిచ్చే మారాజెవరు?" అన్నాడు నాగుల్ మీరా.
"పక్కనోడు మాయమైతే అడగడేం?
వాడు తాగిన టీ గ్లాసు అక్కడే ఉందిగా!
ఇద్దరం కాసేచోట ఒకడు లేకపోతే
ముందు నాకు వినబడేది
వాడి దగ్గు లేకపోవడం."

నా మనిషి దగ్గడు. తుమ్మడు. మోకాళ్లు పట్టెయ్యవు.
ఒక్క రాత్రి తెచ్చి కూచోబెట్టాలి వాణ్ణి
ఈ తేజా టిక్కీల మధ్య, మార్చి నెల కోరులో.

గంటా పది నిమిషాలు పాకాను.
ఒక్క దీపమూ నా నీడని చూడలేదు.
ఆఖరి తలుపు తెరిచానో లేదో
తెరకి పైనా కిందా నల్ల పట్టీలు దిగాయి,
వయొలిన్లు మొదలయ్యాయి,
మీటలు నా మాట వినడం మానేశాయి.
ఇంతసేపూ గోడకి బల్లిలా అంటుకున్నవాడు
పెళ్లికొచ్చిన పెద్దబావలా హాలు నడిమధ్యనించి నడిచి
దీపాల కింద నిలబడి ఒక గొప్ప మాటన్నాడు.
వెనకనించి దెబ్బ తిన్నాడు.

"నువ్వు నడిపావా?"
"లేదు."
"మరి?"
"ఇక్కడ పట్టుబడాలని కథలో ఉంది."
"అట్టాంటప్పుడు గంటసేపు పాకించడమెందుకయ్యా?"

నా దగ్గర జవాబుంది, సిగ్గుపడి చెప్పలేదు.
అది మోసమని తెలిసీ ప్రతిసారీ కళ్లు తడుస్తాయి నాకు.
పాకింది నేను కనకే
ఆ దెబ్బ నాకు తగిలింది.

ఆయనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. లవంగం నోట్లో వేసుకున్నాడు.
"ఒకడు నిజంగా వచ్చాడు, చాలా ఏళ్లయింది.
నాలుగో గదిలో కరెంటు పోయింది.
టిక్కీలకి ఇటు నేను, అటు వాడు.
గంటన్నర.
వాడు తుమ్మాపుకుంటున్నాడని నాకు తెలుసు.
నేనాపుకుంటున్నానని వాడికి తెలుసు."

"ఎవరు ముందు తుమ్మారు?"

"నేనే. తుమ్మి, అలవాటుగా అల్హందులిల్లా అన్నాను.
చీకట్లోంచి వాడు
చిరంజీవ అన్నాడు."

వయొలిన్లు ఆగిపోయి చాలాసేపయింది.
తెర మీద నా మనిషి కటకటాల వెనక ఊపిరి పీలుస్తున్నాడు,
ఒకే ఊపిరి, మళ్లీ మళ్లీ.

"తర్వాత?"
"వాడు పరిగెత్తాడు. నేనూ కాస్త దూరం పరిగెత్తాను."

రెండూ నలభై.
వెనక షెడ్డు రేకు మీద ఏదో చప్పుడు.
నాగుల్ మీరా టార్చి తీసుకుని లేచాడు.
కెమెరాల తెరలో మూడో గడిలో
అగ్గిపుల్లంత మనిషై కనిపిస్తున్నాడు.
ఆగాడు. తల ఓ పక్కకి వంచాడు.

ముప్పై లెక్కపెట్టాను.
అరవై.
గాలేమో అనడం లేదు.
వచ్చిన దారిన రావడం లేదు.
టార్చి ఆర్పేశాడు.

గడి మూలన అంకెలు మాత్రం కదులుతున్నాయి.
నా బొటనవేలు సన్నివేశాన్ని దాటించే మీట కోసం
ఉత్త బల్లమీద తడుముతోంది.

ఎందుకో తుమ్మొస్తోంది.
ఆపుకుంటున్నాను.