రఫూ

లెస్టర్ లైబ్రరీ మేడమీది బుధవారం కుట్టు క్లబ్బు వాళ్లం,
పద్దెనిమిది మందిమి, రెండు చేతికర్రలు, ఒక డబ్బా పులిహోర.
డెర్బీ దాటకముందే డబ్బా అడుగు కనబడింది.
కిటికీ సీటు కోసం డ్రైవరుతో పోట్లాడి గెలిచిన మిసెస్ హాల్డేన్
కూర్చోగానే నిద్రపోయింది.

ఆ భవంతికి నూట పన్నెండు గదులట.
"దుమ్మెవరు దులిపేవాళ్లు?" అంది ఐవీ.
ముప్ఫై ఏళ్లు ఆసుపత్రి వార్డులు తుడిచిన మనిషి,
షాండ్లియర్‌ని చూస్తే ఆమెకు ముందు నిచ్చెన గుర్తొస్తుంది.
గైడు కుర్రాడు నవ్వి, పక్క గదిలోకి దారి చూపించాడు.

గోడల నిండా దొరల పటాలు.
రెండొందల ఏళ్ల పాటు
అందరికీ అదే ముక్కు.

పైఅంతస్తులో, ఎండ తగలకుండా తెరలు దించిన గదిలో
మంచం. మంచం చుట్టూ పరదాలు.
గైడు టార్చి వేశాడు.

చిరివేరు ఎరుపు.
దాని పక్కన నీలిమందు, ఉతికి ఉతికి అలిసిన నీలం.
కలం పట్టిన చెయ్యి ఎక్కడ ఆగి ఊపిరి తీసుకుందో
తీగ మలుపులో తెలుస్తోంది.
"కోరమాండల్ తీరం" అని చీటీ.
అంత పొడుగు తీరం రాశాక
ఊరి పేరుకి చోటు చాలలేదు కాబోలు.
"మాది బందరు" అన్నాను, ఎవరూ అడక్కపోయినా.

కోపం వస్తుందేమోనని కాసేపు నిలబడి చూశాను.
రాలేదు.
పన్నా ఎంతో, ఎన్ని గజాలు పట్టిందో
లెక్క వేసుకుంటున్నాను, దర్జీ బుద్ధి.

"ఇక్కడ, ఇక్కడ!" హంసాబెన్ గుసగుస.
అంచుకి జానెడు పైన, ఆకు నీడలో
రూపాయి బిళ్లంత రఫూ.
దారం ఇక్కడిది, కాస్త లావు.
ఏ పనిపిల్లో, ఏ కొవ్వొత్తి ముందో,
ఈనె ఎటు వాలితే
సూదినీ అటే వాల్చింది.

పద్దెనిమిది తలలు ఒక్కచోటికి వంగాయి.
బంగారు పూత పూసిన పైకప్పు
మా వీపులు చూసుకుంటూ ఉండిపోయింది.
ఐవీ కర్ర తాడుకి తగిలి అలారం మోగింది.
గైడు పరుగెత్తుకొచ్చాడు. ఎవరం కదల్లేదు.

తిరుగు ప్రయాణంలో వాన.
మిసెస్ హాల్డేన్ ఈసారి నిద్రపోలేదు.
"చివరి మూడు కుట్లు గమనించావా?" అంది చాలాసేపటికి,
"గబగబా లాగేసింది.
కింద ఎవరో గంట కొట్టి ఉంటారు."