ముప్ఫై ఏడో పేజీ

కాశీనగర్‌లో మా బడి ఒడియా.
గొడుగులు వేసుకుని వరసగా నడిచే అక్షరాలు.
ఇంట్లో మాట తెలుగు.
దానికి నా దగ్గర అక్షరాల్లేవు,
అమ్మ నోట్లోంచి నేరుగా నా చెవిలోకి, అంతే.

తెలుగు చదవడం నాకు హంతకులు నేర్పారు.

టేసను ఎదుట కింతలి అప్పన్న బడ్డీ.
ముందు బీడీ కట్టలు, వెనక పాకెట్ నవలలు.
రోజుకి పది పైసలు, చిరిగితే పావలా.
అ అంటే అమ్మ కాదు నాకు,
అ అంటే అనుమానం.
శవపంచనామా అన్న మాటని
మూడు రాత్రులు కూడబలుక్కున్నాను.
నాలుగో రాత్రి అదే గడియ తీసి లోపలికి రమ్మంది.

భయమా? ఎప్పుడూ లేదు.
శవం పడ్డాకే ఆ ఇల్లు తేటగా కనిపించేది.
ఏ గ్లాసు ఎవరిది, ఏ గడియారం ఎన్నింటికి ఆగింది.
మా ఇంట్లో నాన్న ఎన్నింటికొచ్చాడో ఎవరూ అడగరు.
ఆ బంగళాలో పాలగిన్నె మూత
వేలెడు పక్కకి జరిగినా
ఒకరు వంగి చూస్తారు.
నాకు కావలసింది ఆ ఒకరు.

ఒక వర్షాకాలం, వంశధార రోడ్డెక్కిన వారం,
ముప్ఫై ఏడో పేజీ అంచున నీలం పెన్సిలు రాత.
ఒడియా గొడుగుల కింద తడవకుండా తెలుగు మాటలు:
"చంపింది బంటబాడు."
ఒళ్ళు మండిపోయింది.
పాయసంలో ఉప్పు పోసినవాడెవడు?
తిట్టుకుంటూనే చివరిదాకా చదివితే
వంటవాడు కాదు, ఇన్సూరెన్సు ఏజెంటు.
ఆఖరి పేజీ అడుగున ఎర్రగా
పదికి సున్నా.
తనకి తనే వేసుకున్నాడు!

ఇంకో నవల. ముప్ఫై ఏడు. "పెదబదిన." సున్నా.
ఇంకోటి. "డాక్టరు, డబ్బు కోసం." సున్నా.
అచ్చులో ఉన్న కేసు పక్కన పెట్టి
ఈ కేసు పట్టుకున్నాను.

మావాళ్ళెవరూ వదినని బదిన అనరు. మనిషి ఒడియా.
తెలుగు చదవగలడు, రాయడానికి చేయి తిరగదు.
ఒకటే పెన్సిలు, ఒక కొస నీలం, ఒక కొస ఎరుపు.
మిగిలిన సాక్ష్యం నా సంచీలోనే ఉంది.
లెక్కల నోటుబుక్కు తెరిచాను.
అదే సున్నా, నెత్తిన ఎడమకి వంగిన తోక,
చింతపిక్కకి మొలక వచ్చినట్టు.

ఉదయనాథ్ పాణిగ్రాహి మాస్టారు.
బెంచీ కింద నవల పట్టుకుని
"తెలుగు చెత్త" అని నా చెవి మెలేసిన మనిషి.
ఆ చెత్త వారం తర్వాత
అప్పన్న బడ్డీకి ఎలా నడిచొచ్చిందో
అప్పుడు తట్టనే లేదు.
అందరినీ హాల్లో కూర్చోబెట్టి
వేలు చూపించే ఘట్టం నా బతుకులో అదొక్కటే.
అందరూ అంటే నేనూ, లాంతరూ.

ఎవరికీ చెప్పలేదు.
చెబితే ముప్ఫై ఏడో పేజీ ఖాళీ అయిపోతుంది.
ఆయన ఊహ కింద నా ఊహ రాశాను,
తెలుగులోనే, తలకట్లు వంకరగా:
"కాదు. తోటమాలి. చెప్పులకి బురద లేదు."
పదిహేను రోజులకి దాని కింద ఎరుపు:
"బురద లేకపోబడం సాక్ష్యమా?"
మూడేళ్ళు అలా.
తరగతిలో నావైపు చూసేవారు కాదు.
పరీక్షలో ఒకసారి మాత్రం
సరైన జవాబు పక్కన మార్కు వెయ్యకుండా
"ఎలా తెలిసింది?" అని రాసి వదిలేశారు.

ఇప్పుడు గునుపురం కోర్టులో నకళ్ళు రాస్తాను.
నిజం హత్యలు చప్పిడి.
ఎవరు చంపారో మొదటి కాగితంలోనే ఉంటుంది,
ఎందుకన్నది ఏ కాగితంలోనూ ఉండదు.
సాయంత్రం ఇంటికొచ్చి
అప్పన్న బడ్డీ ఎత్తేసిన రోజు కొన్న గోనెసంచి విప్పుతాను.
హంతకులందరూ తెలిసినవాళ్ళే.
అయినా వాళ్ళు మొదటిసారి అబద్ధం ఆడేచోట
ఇంకా ముందుకి వంగుతాను.

మాస్టారికి పదికి పది వచ్చింది ఒక్కసారే.
ఆ పుస్తకం నా దగ్గరే ఉంది.
ముప్ఫై ఏడో పేజీ,
నీలం రాత, ఎప్పటికన్నా చిన్నగా, ఒప్పుకుంటున్నట్టు:
"లెక్కల మాస్టారు."