కారణం అనే గడి

వరమిచ్చేది రాజధాని.
ఇక్కడ, ఖెర్లెన్ నది ఒడ్డున
వృత్తి విద్యా కళాశాల రెండో అంతస్తులో
పూజారిని నేను.

పేరు సెరెన్‌దులం. పని, ఉపకార వేతనాలు.
నెలనెలా మూడువందల పన్నెండు పేర్లు,
పేరుకో ఖాతా నంబరు.
ఒక్క అంకె అటూ ఇటూ అయిందా
వంట నేర్చుకునే పిల్ల డబ్బు
ఎవరో లారీ డ్రైవరుకి పడుతుంది.
పడింది కూడా, పోయిన మార్చిలో.
ఆయన మంచివాడు, సగం తిరిగి ఇచ్చాడు.

పొద్దున తలుపు తీసేసరికి
గోడ వారగా వరసలో బూట్లు.
ముఖాలు తర్వాత చూస్తాను.
అడుగు ఊడి తాడుతో కట్టిన బూటుని
ఏం కావాలని అడగక్కర్లేదు.
"ఎప్పుడు పడుతుందక్కా?"
"పడుతుంది."
పదకొండేళ్లలో నేను ఎక్కువసార్లు పలికిన మాట అదే.
మంచు పడుతుంది, డబ్బు పడుతుంది.
మంచు మాత్రం చెప్పిన రోజుకి పడుతుంది.

నెలలో ఐదు రోజులు దాటి రాకపోతే
ఆ నెల కోత.
హాజరు పట్టీ చివర ఒక గడి ఉంటుంది, కారణం అని.
వేలెడు వెడల్పు.
అందులో రాయదగ్గవి మూడే:
అనారోగ్యం, ప్రసవం, మరణం.

ఆ చలికాలం జుద్ వచ్చింది.
జుద్ అంటే కరువే,
తెల్లబట్టలు కట్టుకుని వచ్చే కరువు.
గడ్డి ఉంటుంది, గడ్డకట్టిన మంచు కింద,
తాళంచెవి పోయిన అద్దాల బీరువాలో తిండిలా.
గొర్రెలు దాన్ని చూస్తూ
నిలబడ్డ చోటే నిలబడి పోతాయి.

వెల్డింగు రెండో ఏడు, మ్యాగ్మర్‌జావ్
తొమ్మిది రోజులు రాలేదు.
పదో రోజు వచ్చాడు.
చెంపలు చలికి కమిలి నల్లబడ్డాయి,
చేతిలో కాగితం లేదు.
ఎన్ని అనబోయి
"ఎంతమంది?" అన్నాను.
"నూట నలభై రెండు.
మిగిలింది ఒక ఒంటె, అదీ ఎవరి మాటా వినదు."

గడిలో రాశాను: మరణం.

మేలో ఆడిటర్ వచ్చాడు, దవాసంబూ అట,
నలగని చొక్కా, సన్నటి ఎర్ర పెన్ను.
ఆ వరస దగ్గర వేలు ఆగింది.
"మృతుడికీ ఇతనికీ బంధుత్వం?"
టీ పోశాను. ఫైలు అనవసరంగా తిప్పాను.
అబద్ధం ఒకటి నాలుక కొసదాకా వచ్చి
ఉప్పు చాలక ఆగిపోయింది.
"గొర్రెలు" అన్నాను.

నవ్వలేదాయన. నవ్వినా బాగుండేది.
"మా నాన్నవి ఆరువందలు పోయాయి,
నేను ఏడో తరగతిలో ఉండగా"
అన్నాడు, నాతో కాదు, కిటికీతో.
తర్వాత పెన్ను మూత తీసి
స్కేలు పెట్టి మరీ
తిన్నగా కొట్టేశాడు.

నా జీతంలోంచి, రెండు విడతలు.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా"
అంది క్యాషియర్ నొర్జింఖండ్, నోట్లు లెక్కపెడుతూ.
నిజమే.
కానీ రోజూ కోసేది కత్తిపీటే కదా,
దానికైనా కాస్త తెలియాలి కదా దురద.

కుర్రాడికి చెప్పలేదు నేను.
జూన్‌లో, పరీక్షకు చేసిన ఇనప పొయ్యి
భుజాన మోసుకొచ్చి గుమ్మంలో దించాడు.
లంచం కిందికి వస్తుందేమో అన్నాను.
"ఇరవై నాలుగు మార్కులే వేశారక్కా దీనికి,
లంచమెలా అవుతుంది?"
అతుకు వంకర. అయినా స్టాకు రిజిస్టర్లో ఎక్కించాను:
పొయ్యి ఒకటి. తలుపు సరిగ్గా పడదు.

ఈ ఏడు పట్టీలు కంప్యూటర్లోకి మారాయి.
కారణం మీద నొక్కితే జాబితా జారుతుంది:
అనారోగ్యం, ప్రసవం, మరణం,
కింద కొత్తగా, ఇతరములు.
ఎవరు చేర్చారో తెలీదు.
ఎవరో ఎర్ర పెన్ను మనిషి అయ్యుంటాడని
అనుకోవడానికి నా దగ్గర ఆధారమేమీ లేదు.

ఇతరములు నొక్కాను. తెరుచుకోలేదు.
రాజధానికి ఫోను చేశాను.
టైం పడుతుందట.