గుణపత్రిక

మార్కుల కాయితాన్ని మా దిక్కు
గుణపత్రిక అంటరు.
మరాఠీల అది ఉత్త మామూలు మాట.
పుల్ దాటి పోయి
అవతలి కాలేజీ కిటికీ ముందర ఆ మాట అంటే
క్లర్కు సారు కళ్లద్దాల మీంచి చూసిండు:
"గుణం సంగతి తర్వాత, ముందు మార్కులు తియ్యమ్మా."

సిరొంచల రెండేండ్లు బియెస్సీ.
ఎనభై ఎనిమిది క్రెడిట్లు.
మైగ్రేషన్ కాయితానికి గడ్చిరోలి పోయిన.
మొదటిసారి సాహెబు లేడు.
రెండోసారి సాహెబు ఉన్నడు, ముద్ర లేదు.
మూడోసారి నాయిన పోయిండు,
రాత్రి బస్సుల నిలబడి.

సారు స్కేలు పెట్టి
ఒక్కొక్క గీత కింద ఆపుకుంట వచ్చిండు.
రసాయనం సరే.
జంతుశాస్త్రం సగం సరే,
వాళ్ల సిలబస్‌ల వానపాము ఉంది, మాదాంట్ల కప్ప.
మరాఠీ, పన్నెండు క్రెడిట్లు.
స్కేలు అక్కడ చానసేపు ఉంది.
"ఇక్కడ రెండో భాష తెలుగు.
మొదటి సంవత్సరం నుంచి రాయాలె."
నాకు తెలుగు వస్తది సార్, అన్న,
తెలుగులనే.
"కాయితం మీద రాలేదు గద."

పేరు కాడ ఇంకోసారి ఆగిండు.
స్వరూపా బాపు జాడి.
"నడుమ ఈ బాపు ఎవరు?"
మా నాయిన.
"నడుమ ఎందుకున్నడు?"
మా ఒడ్డున అందరి పేర్లల్ల
నాయిన అట్లనే ఇరుక్కొని కూసుంటడు సార్,
ముగ్గురి సీటుల నాలుగో మనిషి లెక్క.
సారు నవ్వలే.

ప్రాజెక్టు: ప్రాణహిత నీళ్ల మురికి.
జూన్ నుంచి నవంబరు దాక
ఘాటు కాడ మోకాలి లోతుల నిలబడి
తాడు కట్టిన సీసాలు ముంచి కొలిచిన.
ఆగస్టుల ఒక సీసా కొట్టుకపోయింది,
దాని ఖర్చు నేనే కట్టిన.
నాలుగు క్రెడిట్లు.
"ఏం నది?"
మీ గోదాట్ల కలిసేదే సార్,
కలిసినంక పేరు పోయేదే.
"మా లిస్టుల లేదు."

మొత్తం యాభై ఒకటి పట్టినయి.
ముప్పై ఏడు సంచిల పెట్టుకొని
మళ్లీ పుల్ ఎక్కిన.

అమ్మ మిర్చి కల్లం నుంచి అప్పుడే వచ్చింది.
ప్రతి యేడు ఏర పోతది అవతలికి,
ఆమెను మైగ్రేషన్ ఎవ్వరూ అడగరు.
మండే వేళ్లను మజ్జిగల ముంచి
"అన్ని లెక్కల పట్టినయా?" అన్నది.
సగం మీద కొంచెం, అన్న.
"నయమే.
మా మేస్త్రి తాలు కింద
అంతకంటె ఎక్కువనే తీసేస్తడు."
అని, కాసేపాగి,
"తాలు కూడ అమ్ముకుంటడు వాడు" అన్నది.

ఇప్పుడు రాత్రిళ్లు నా పంతులు సాత్విక్,
మేనమామ కొడుకు, అవతలి బడి, ఆరో తరగతి.
మరాఠీ అక్షరాలు ఒక్క తాడుకు వేలాడుతయి,
ఆరేసిన అంగీల లెక్క.
తెలుగుకు తాడు లేదు.
ఒక్కొక్కటీ దాని తలకట్టు అదే కట్టుకోవాలె.
నేను మాటిమాటికీ పైన గీత గీస్త.
వాడు మాటిమాటికీ రబ్బరుతోని తుడుస్తడు.

నిన్న గుణం అని రాయమన్నడు.
ణ మూడుసార్లు తప్పింది.
నోట్ల పుట్టినప్పటి నుంచి ఉన్న అక్షరమే,
చేతికి రానంటది.
నాలుగోసారి వచ్చింది, కొంచెం వంకర.
వాడు ఎర్ర పెన్ను తీసి
పదికి ఆరు వేసి
కింద ఇంటిపేరుతోని సంతకం పెట్టిండు.
ఆ పేజీ చింపి
యాభై ఒకటి ఉన్న కవర్లనే పెట్టిన.