ఆల్టో అంటే కారు కాదు

మల్కాపురంలో రెండో అంతస్తు వాటా మాది.
రాత్రి ఎనిమిదిన్నరకి కుక్కర్ దించి
పప్పు గిన్నె పక్కకి జరిపి
టేబుల్ మీద లాప్‌టాప్ తెరుస్తాను.
కిటికీలో రిఫైనరీ మంట.
తెర మీద క్రిసోస్తం మాస్టారు పంపిన ఫైలు,
నాలుగు వరుసలు, నాలుగు రంగులు.
సొప్రానో గులాబి, టెనోర్ నీలం, బేస్ మట్టిరంగు.
నాది పసుపు,
ఉతికి ఉతికి వెలిసిన దుప్పటి పసుపు.

మాస్టారు పోర్టులో గుమాస్తాగా రిటైరయ్యారు.
ఓడల సరుకు లెక్క రాసిన వేళ్లతోనే
ఒక్కో స్వరం ఇందులోకి ఎక్కించారు.
ఊపిరి ఎక్కడ తీసుకోవాలో మాత్రం రాయలేదు.
కంప్యూటరుకి దాంతో పనేముంది?
ఆ... ఆ... అంటూ పోతూనే ఉంటుంది.
గుటక వేయదు, గొంతు సవరించుకోదు,
డిసెంబరు మంచుకి జలుబు చేయదు.
నేను ఎనిమిదో గడికి వచ్చేసరికి
కైలాసగిరి మెట్లు సగం ఎక్కినదానిలా ఉంటాను.

టెంపో నూరు నుంచి డెబ్బైకి దించాను.
డెబ్బై నుంచి యాభై ఐదుకి.
యాభై ఐదులో క్రిస్మస్ పాట
ఎవరో పోయిన ఇంట్లో పాటలా ఉంది.

నిజం చెప్పాలంటే నా వరుసలో పాటే లేదు.
సొప్రానోలు కొండెక్కి దిగుతారు.
నాకు ఒకే స్వరం, పదకొండు సార్లు.
ఆపైన ఒక మెట్టు కిందికి, వెంటనే పైకి,
బస్సులో కాసేపు లేచి
సీటు పోతుందేమోనని
గబుక్కున కూర్చున్న మనిషిలా.
గోడలో మధ్య ఇటుక నువ్వు, అంటారు మాస్టారు.
ఇటుకని ఎవరూ అడిగినట్టు లేదు.

ఇరవై ఒకటో గడిలో
సొప్రానో నన్ను ఆనుకుని అర మెట్టు పైన నిలబడుతుంది.
నా గొంతు అటే జారిపోతుంది,
పల్లానికి తోపుడుబండిలా.
లూప్ పెట్టాను. నాలుగు సెకన్లు, నలభై సార్లు.
నలభై ఒకటోసారి హార్బరులో ఓడ కూసింది,
నా శ్రుతికి కాస్త కిందగా.
దానికి మ్యూట్ బటన్ లేదు.

కింద వాటా పైడమ్మ మెట్ల దగ్గర పట్టుకుంది.
"ఏటమ్మా, రోజూ అదే ముక్క, ముందుకెళ్లదేటి?"
"ఆల్టో పిన్నీ, అందులో ఒక చోట రావట్లేదు."
"ఆల్టో అంటే కారు కదేటి! మా అల్లుడికుంది, తెల్లది."
మెట్లు దిగుతూ మళ్లీ అంది,
"రాకపోతే ఒదిలీ. తరవాతది పాడుకో."

సెలీనా ఒక కిటుకు చెప్పింది:
నీ వరుస ఒక్కటే మ్యూట్ చేసి, నువ్వు పాడు.
మ్యూట్ చేశాను. పాడలేదు, ఊరికే విన్నాను.
పాట బాగానే ఉంది.
ఇంగువ మరిచిన చారులా కాస్త ఏదో తక్కువ,
అయినా ఎవరూ విస్తరి ముందు నుంచి లేచిపోరు.
మూడు రోజులు లాప్‌టాప్ తెరవలేదు.

నాలుగో రోజు సాయంత్రం
పైడమ్మ మనవరాలు మోక్షిత, ఆరేళ్లది,
మెట్ల కింద చెప్పులు వెతుక్కుంటూ
ఏదో కూనిరాగం తీస్తోంది.
కూరల సంచీతో అక్కడే ఆగిపోయాను.
ఒకే స్వరం, పదకొండు సార్లు.
మెట్టు కిందికి, పైకి.
అచ్చంగా యాభై ఐదు టెంపోలో.
ఇరవై ఒకటో గడి వచ్చింది.
జారలేదు.
జారడానికి దాని పక్కన ఎవరూ లేరు.
తర్వాత ఊపిరి తీసుకుంది,
మాట మధ్యలో, తీసుకోకూడని చోట,
రోజూ నేను ఆయాసంతో ఆగే చోటే.
అది ఏ ఫైల్లోనూ లేదు.

"అసలు పాట ఇలా ఉంటుందే" అని
సొప్రానో వరుస పాడి వినిపించాను.
మొహం చిట్లించింది.
"తప్పు పాడుతున్నావు ఆంటీ."

పైకి వచ్చి తలుపు తీసే ఉంచాను.
కుక్కర్ ఇంకా ఎక్కించలేదు.
టెంపో నూరుకి పెంచి, నాలుగు రంగులూ వదిలాను.
మోక్షిత మెట్ల మీదే కూర్చుంది.
ఒక చెప్పే దొరికినట్టుంది.